ఫోన్-ఇన్: వేసవి సెలవుల్లో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లొచ్చా?

యాంకర్: హలో, ఎవరండీ? ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే మేడమ్, కర్నూలు నుంచి... హలో?

యాంకర్: టీవీ సౌండ్ కాస్త తగ్గించండమ్మా.

కాలర్: తగ్గించానండి. మా బాబు ఏడో తరగతి. కెన్యా సఫారీ అని రెండేళ్లుగా ఒకటే గోల. మేలో ఎలాగూ సెలవులు, ప్యాకేజీ కూడా చవగ్గా వస్తోంది. వెళ్లొచ్చా సార్?

సలహాదారు: ఎందుకు చవకో అడిగారా అమ్మా? మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. మసాయి మారాలో చాలాచోట్ల మీ నల్లరేగడి లాంటి నేలే. వాన పడ్డాక అందులో బండి సంగతి కర్నూలు వాళ్లకి నేను చెప్పాలా!

కాలర్: (నవ్వుతూ) దిగబడిపోతుంది సార్.

సలహాదారు: పైగా గడ్డి ఏపుగా పెరుగుతుంది. సింహం పక్కనే పడుకున్నా కనపడదు. ఎక్కడ చూసినా నీళ్లే కాబట్టి జంతువులు చెదిరిపోతాయి. పచ్చదనం, పక్షులు చాలనుకుంటే మే బాగానే ఉంటుంది. మీవాడు ఊరుకుంటాడా? జూన్ నుంచి అక్టోబర్ దాకా పొడికాలం. అప్పుడైతే అన్నీ నీటి దగ్గరికి రాక తప్పదు.

కాలర్: టీవీలో ఆ అడవిదున్నలు నది దాటుతుంటే మొసళ్లు పట్టుకుంటాయే, అది చూడాలంటాడు.

సలహాదారు: అవి దున్నలు కాదమ్మా, వైల్డ్‌బీస్ట్‌లు. పది లక్షలకు పైనే ఉంటాయి. వాన ఎటు పడితే అటు, కొత్త గడ్డి కోసం టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారా దాకా తిరుగుతూనే ఉంటాయి. మారా నది దాటేది ఎక్కువగా జూలై నుంచి అక్టోబర్ లోపల. కానీ గట్టు దాకా వచ్చి, గంటల తరబడి నిలబడి, వెనక్కి పోయిన రోజులూ ఉంటాయి. టీవీ వాళ్లు వారాల కొద్దీ కాపు కాస్తారమ్మా, మీకున్నది నాలుగు రోజులు. దాని మీదే ఆశ పెట్టుకోకండి.

యాంకర్: మరి స్కూలు సంగతి?

సలహాదారు: దసరా సెలవులున్నాయిగా! నా ఓటు దానికే. నది దాటడం దొరికితే అదృష్టం, లేకపోయినా సింహాలు, ఏనుగులు కనపడే కాలమే. ఒక్కటే చిక్కు. మారాలో మనలాంటి విదేశీయులకు, పెద్దవాళ్లకి, రోజుకి ఎంట్రీ ఫీజు జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి 200.

కాలర్: అమ్మో! మా ఆయన పక్కనే వింటున్నారు సార్.

సలహాదారు: అయితే మారాలో రెండు రాత్రులే పెట్టుకోండి. తర్వాత నకురు సరస్సుకి వెళ్లండి, అక్కడ ఖడ్గమృగాలున్నాయి. ఇంకోటి, యెల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపేసి క్వారంటైన్‌కి పంపుతారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

యాంకర్: త్వరగా అమ్మా, ఇంకో కాలర్ లైన్లో ఉన్నారు.

కాలర్: ఒక్క మాట మేడమ్. ఆఫ్రికా కదా, కాటన్ బట్టలు చాలా సార్?

సలహాదారు: స్వెటర్లు పెట్టుకోండమ్మా! అది 1,500 మీటర్ల ఎత్తు. పొద్దున ఆరింటికి టాప్ తెరిచిన జీపులో వణుకుతారు.

కాలర్: స్వెటర్లా? కర్నూల్లో ఎక్కడ కొనాలి సార్...