తిరిగొస్తానన్న మాట

శ్రోతలందరికీ నమస్కారం. బైబిల్లో యేసు చెప్పిన మంచి సమరయుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని చూసి కూడా యాజకుడు తప్పుకుని వెళ్లిపోయాడు, గుడిలో సేవ చేసే లేవీయుడూ అంతే, చివరికి ఆగింది అందరూ పరాయివాడని దూరం పెట్టిన సమరయుడు. మనం సాధారణంగా ఇంతవరకే చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ తర్వాతి భాగం ఇంకా ఇష్టం. గాయాలకు కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించి సత్రానికి తీసుకెళ్లి, మర్నాడు బయల్దేరే ముందు సత్రం యజమాని చేతిలో రెండు దేనారాలు, అంటే అప్పటి వెండి నాణేలు, పెట్టి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తిరిగొస్తానన్నాడు చూడండి, నన్ను పట్టుకున్న మాట అదే. పైగా నువ్వెవరివి, ఎవర్ని పూజిస్తావు అని అడిగినట్టు ఆ కథలో ఎక్కడా లేదు.

తొలినాటి క్రైస్తవ సంఘాలు దీన్ని కథగా వదిలేయలేదు. 3వ శతాబ్దంలో రోమా సామ్రాజ్యంలో పెద్ద తెగులు వచ్చినప్పుడు కార్తేజ్ బిషప్ సిప్రియన్, మనవాళ్లను మనం చూసుకుంటే అందులో గొప్పేముంది, మనల్ని హింసించినవాళ్లనూ చూసుకోవాలి అని తన సంఘానికి బోధించాడు. తర్వాతి శతాబ్దంలో క్రైస్తవాన్ని గట్టిగా వ్యతిరేకించిన జూలియన్ చక్రవర్తే ఒక ఉత్తరంలో, వీళ్లు తమ పేదలతో పాటు మన పేదల్ని కూడా పోషిస్తున్నారని బాధపడ్డాడు. ఒక సంఘానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎవరివ్వగలరు? అది ఇష్టంలేని మనిషి నోటి నుంచి వచ్చింది.

ఇక ఈ కాలానికి వద్దాం. 1953లో లండన్‌లో చాడ్ వరా అనే ఆంగ్లికన్ పాస్టర్, చనిపోవాలనుకుంటున్నవాళ్లు ఫోన్ చేసి మాట్లాడటానికి తన చర్చిలోనే ఒక ఫోన్ ఏర్పాటు చేశాడు. ఫోన్ చేసేవాళ్లే కాదు, నేరుగా వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. ఆయన్ని కలవడానికి ఎదురుచూస్తున్నవాళ్లకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని వాళ్ల మాటలు వినడానికి కొందరు మామూలు మనుషులు ముందుకొచ్చారు. కొన్నాళ్లకు ఆయన గమనించిందేమిటంటే, వచ్చినవాళ్లలో చాలామందికి వాళ్లతో మాట్లాడాక ఇక పాస్టర్‌తో పనే ఉండటం లేదు! దాంతో ఆ పనే వాళ్లకు అప్పగించేశాడు. అదే సమరిటన్స్, అంటే సమరయులు, అనే సంస్థ, మతప్రచారం చేయకూడదన్నది దాని నియమం. డిగ్రీలు లేని సంఘ సభ్యులు మేమేం చేయగలం అని అనుకుంటే, టీ ఇచ్చి కూర్చున్న ఆ మామూలు మనుషులు చేసింది శ్రద్ధగా వినడమే అని నేను గుర్తు చేస్తాను.

అందుకే సేవ చేయాలనుకునే సంఘం ముందు వెళ్లి ఏం కావాలో అడగాలని నా అభిప్రాయం. మనం దుప్పట్లు పంచుతూ ఉంటాం, ఆ వీధిలో వాళ్లకు కావాల్సింది సాయంత్రం పూట పిల్లలు కూర్చుని చదువుకునే చోటు కావచ్చు, లేదా మంచాన పడ్డ తల్లిని రెండు గంటలు చూసుకునే మనిషి కావచ్చు. చోటైతే మన దగ్గర ఉంది, ఆదివారం తప్ప మిగతా రోజులు చాలా చర్చి హాళ్లు తాళం వేసే ఉంటాయి కదా. పంచేటప్పుడు ఫొటోలు వద్దు, దయచేసి వద్దు, తీసుకునే మనిషికి అది ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. ప్రార్థనకు వస్తేనే ఇస్తామన్న షరతూ వద్దు. ఎవరైనా విశ్వాసం గురించి వాళ్లంతట వాళ్లే అడిగితే చెప్పండి, సంతోషంగా చెప్పండి.

ఇంకో సంగతి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, రోజూ పంచేదాంట్లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు, అంటే సంఘాన్ని నడిపిన యేసు శిష్యులు, కోప్పడలేదు, ఆ పని చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పాటు చేశారు. మన సేవలో కూడా ఎవరో ఒకరు తప్పిపోతూనే ఉంటారు. ఈ వారం మీ సంఘంలో ఇద్దరు ముగ్గురు కలిసి, ఇంతవరకూ మీ జాబితాలో లేని ఇళ్లకు వెళ్లి పలకరించండి, వచ్చే వారం మళ్లీ వస్తామని చెప్పి, ఆ మాట ప్రకారం మళ్లీ వెళ్లండి.