రెండు నల్లాలున్నా బిందె నిండదు: తక్కువ వోల్టేజ్‌లో శాంప్లింగ్ స్విచ్

అమీర్‌పేట్‌లో వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) కోర్సు చేసి ఇంటర్వ్యూలకి తిరుగుతున్న పిల్లలతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే జవాబు వస్తుంది. శాంప్లింగ్ స్విచ్, అంటే సిగ్నల్ వోల్టేజ్‌ని కెపాసిటర్‌లోకి పట్టే స్విచ్, ఏం పెడతావమ్మా అంటే "ట్రాన్స్‌మిషన్ గేట్ సార్, రైల్ టు రైల్ పోతుంది" అంటారు, అంటే సున్నా నుంచి సప్లై వోల్టేజ్ దాకా ఏదైనా దాటిస్తుందని. సప్లై ఎంత అని మాత్రం ఒక్కరూ తిరిగి అడగరు. అసలు అడగాల్సింది అదే కదా. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం, ఎన్‌మాస్, పీమాస్ రెండు రకాల ట్రాన్సిస్టర్లని గుర్తుంటే చాలు, మళ్లీ మొదట్నుంచి చెప్పను.

మన బస్తీల్లో పొద్దున్నే నల్లా వస్తుంది చూడండి, అది గుర్తుపెట్టుకోండి. బిందె మన కెపాసిటర్, నల్లా మన స్విచ్, నల్లా ఉండే టైమ్ మన క్లాక్‌లో సగం. ఆ టైమ్‌లోపే బిందె నిండాలి, నిండకపోతే ఎంత నిండిందో అదే మన శాంపిల్, అంటే తప్పు శాంపిల్. లెక్క చూడండి: స్విచ్ రెసిస్టెన్స్ 2 కిలో ఓమ్‌లు, కెపాసిటర్ 1 పీకోఫారడ్ అనుకుంటే టైమ్ కాన్‌స్టంట్ 2 నానోసెకండ్లు, 10 బిట్లకి అర ఎల్ఎస్‌బీ (కొలతలో అతి చిన్న మెట్టులో సగం) లోపల సెటిల్ అవ్వాలంటే దానికి 7.6 రెట్లు, అంటే దాదాపు 15 నానోసెకండ్లు. సెకనుకి 2 కోట్ల శాంపిల్స్ అయితే మనకి 25 ఉంది, హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు బోర్డు చూడండి. ట్రాన్స్‌మిషన్ గేట్ అంటే రెండు నల్లాలు. ఎన్‌మాస్ నల్లా కింది వోల్టేజ్‌లకి బాగా పోస్తుంది, పీమాస్ నల్లా పై వోల్టేజ్‌లకి. సప్లై 5 వోల్ట్లు, థ్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ అవడానికి దాన్ని నడిపే కాలు, అంటే గేట్ మీద కావాల్సిన కనీస వోల్టేజ్) 0.8 అయితే ఎన్‌మాస్ 4.2 దాకా వస్తుంది, పీమాస్ 0.8 నుంచే మొదలవుతుంది, మధ్యలో రెండూ కలిసి దంచి కొడతాయి, అందుకే పాత పుస్తకాల్లో గ్రాఫ్ అంత అందంగా ఉంటుంది. సప్లైని 0.8కి దించండి, థ్రెషోల్డ్‌లు 0.45 అనుకోండి. ఎన్‌మాస్ 0.35 దగ్గర ఆగిపోయింది, పీమాస్ 0.45 దాకా లేవదు. మధ్యలో 0.1 వోల్ట్ మేర రెండు నల్లాలూ చుక్క చుక్కే! ఇక్కడ గీస్తున్నా చూడండి, రెసిస్టెన్స్ గ్రాఫ్ మధ్యలో ఒంటె మూపురంలా ఎలా లేస్తుందో. మన సిగ్నల్ కామన్ మోడ్, అంటే అది ఊగే మధ్య వోల్టేజ్, ఎక్కడ పెడతాం? 0.4 దగ్గర, కరెక్ట్‌గా ఆ మూపురం మీద. రెసిస్టెన్స్ 20 కిలో ఓమ్‌లకి పోయిందంటే 15 కాస్తా 152 నానోసెకండ్లు అయింది, మనకున్నది 25.

నేను మొదటిసారి ఇలాగే దెబ్బతిన్నా, టిపికల్ కార్నర్ (సగటు ట్రాన్సిస్టర్లు), 27 డిగ్రీల్లో సిమ్యులేషన్ అంతా బాగుంది, సిలికాన్ (తయారైన చిప్) వచ్చాక ఎఫ్ఎఫ్‌టీ, అంటే ఫ్రీక్వెన్సీల గ్రాఫ్, చూస్తే మూడో హార్మోనిక్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర వచ్చే డిస్టార్షన్) కొబ్బరిచెట్టులా నిలబడింది, డిఫరెన్షియల్ (రెండు వైర్ల మధ్య తేడానే సిగ్నల్) కాబట్టి రెండోది పోయింది గానీ ఇది పోదు కదా. తర్వాత స్లో స్లో కార్నర్ (రెండు రకాల ట్రాన్సిస్టర్లూ స్లో), మైనస్ 40 డిగ్రీల్లో రన్ చేస్తే అసలు విషయం కనపడింది, చల్లబడేకొద్దీ థ్రెషోల్డ్ పెరుగుతుంది. వేడికి చిప్ స్లో అవుతుందని మనకి అలవాటైన ఆలోచన, తక్కువ వోల్టేజ్ స్విచ్‌కి చలే శత్రువు.

మరి దారేంటి? బూట్‌స్ట్రాప్. ఖైరతాబాద్ గణేశుడి దగ్గర జనంలో నాన్న పిల్లాడిని భుజాన ఎక్కించుకుంటాడు కదా, నాన్న మెట్టెక్కితే పిల్లాడూ అంతే పైకి పోతాడు, ఇద్దరి మధ్య ఎత్తు మారదు. నాన్న ఇన్‌పుట్, పిల్లాడు గేట్. క్లాక్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక కెపాసిటర్‌ని సప్లై దాకా ఛార్జ్ చేసి పెట్టుకుంటాం, శాంప్లింగ్ మొదలవగానే దాన్ని ఇన్‌పుట్‌కీ గేట్‌కీ మధ్య వేస్తాం, గేట్ వోల్టేజ్ ఇన్‌పుట్ ప్లస్ సప్లై అవుతుంది. ఒక్క ఎన్‌మాస్ నల్లాయే, బిందె ఎంత నిండినా ఒకే ధారగా పోస్తుంది. గేట్ కింద ఉండే పల్చటి ఆక్సైడ్ పొర మీద సప్లై కన్నా ఎక్కువ పడదు కాబట్టి డివైస్ కూడా పాడవదు, నాకు ఈ సర్క్యూట్‌లో అన్నిటికన్నా నచ్చేది అదే. ఆబో, గ్రే అనే ఇద్దరు 1999లో 1.5 వోల్ట్ 10 బిట్ ఏడీసీలో (అనలాగ్ సిగ్నల్‌ని డిజిటల్ చేసే సర్క్యూట్) వాడి చూపించారు, ఇప్పటికీ దాని పిల్లలూ మనవళ్లే నడుస్తున్నాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. నల్లా కట్టేటప్పుడు మూతిలో ఉన్న నీళ్లు బిందెలో పడతాయి, అది ఛార్జ్ ఇంజెక్షన్, దానికి గ్రౌండ్ వైపు స్విచ్‌ని ఒక్క క్షణం ముందు ఆఫ్ చేయండి, బాటమ్ ప్లేట్ శాంప్లింగ్ అంటాం. కేటీ బై సీ నాయిస్ (వేడి వల్ల శాంపిల్‌లో పడే నాయిస్) 1 పీకోఫారడ్‌కి 64 మైక్రోవోల్ట్లు, రెసిస్టెన్స్‌తో సంబంధం లేదు, స్వింగ్ సగమైతే అదే ఎస్ఎన్ఆర్‌కి (సిగ్నల్, నాయిస్ నిష్పత్తి) బిందె నాలుగు రెట్లు కావాలి. లో థ్రెషోల్డ్ డివైస్ పెడితే పోలా అంటారా, కట్టేసిన నల్లా కారుతుంది, 1 నానోయాంప్ కారినా 1 పీకోఫారడ్ మీద మైక్రోసెకనుకి 1 మిల్లీవోల్ట్ పోయినట్టే.

స్కీమాటిక్ స్క్రీన్ మీద ఉంది, పాజ్ చేసి గీసుకోండి. రన్ చేశాక స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు గేట్ వోల్టేజ్‌లోంచి ఇన్‌పుట్ తీసేసి ప్లాట్ చేయండి, ఆ గీత ఇన్‌పుట్‌తో పాటు వంగుతుంటే ముందు బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ పెంచి చూడండి, గేట్ దగ్గరున్న పారసిటిక్‌లు (మనం పెట్టకుండానే వచ్చే చిన్న కెపాసిటర్లు) దాని ఛార్జ్ పంచుకుంటున్నాయి.