మాచా మందు కాదండీ, టీ

నమస్తే అండి. మాచా అంటే గ్రీన్ టీ ఆకును మెత్తగా విసిరి చేసే జపాన్ పొడి. "గ్రీన్ టీ కన్నా మాచాలో 137 రెట్లు ఎక్కువ యాంటీఆక్సిడెంట్లు" అన్న ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చే ఉంటుంది. ఈ లెక్క 2003లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలోది. అందులో మాచాను ఒకే ఒక్క బ్రాండు గ్రీన్ టీతో పోల్చారు. ఈజీసీజీ అనే ఒక్క పదార్థం ఆ ఒక్క టీ కన్నా 137 రెట్లు ఎక్కువుంది. అదే పేపర్లో ఇంకో మాట కూడా ఉంది. మిగతా గ్రీన్ టీలలో అప్పటిదాకా నమోదైన గరిష్ఠ స్థాయితో పోలిస్తే కనీసం మూడు రెట్లు ఎక్కువట. మూడు రెట్లంటే తక్కువేం కాదు. కానీ మూడు అని రాస్తే డబ్బా అమ్ముడుపోదు కదా, 137నే పట్టుకున్నారు.

అసలు ఎక్కువ ఎందుకుంటుందంటే, టీ బ్యాగును వేడి నీళ్ళలో ముంచి ఆకును పారేస్తాం. మాచాలో ఆకునే మింగేస్తాం. అంతే. కోతకు మూడు నాలుగు వారాల ముందు తోట మీద పరదాలు కప్పి ఎండ తగలకుండా చేస్తారు. దాంతో ఆకు ముదురు ఆకుపచ్చగా మారుతుంది, థియానిన్ అనే పదార్థం నిలుస్తుంది. నాలుక మీద తగిలే ఆ కమ్మదనం దానిదే. కోసిన ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేసి తిరగలిలో విసురుతారు. జపాన్‌లో క్యోటో పక్కనున్న ఉజి దీనికి పేరున్న ఊరు. రాతి తిరగలిలో గంటకు వచ్చేది 30, 40 గ్రాములే. ధర చూసి గుండె గుభేలుమనడానికి ఇదొక కారణం.

ఇక లాభాల సంగతి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40 వేల మందికి పైగా జనాన్ని 11 ఏళ్ళ దాకా గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు ఐదు కప్పులు, ఆపైన గ్రీన్ టీ తాగేవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులతో వచ్చే మరణాలు తక్కువగా కనిపించాయి, ముఖ్యంగా ఆడవాళ్ళలో. క్యాన్సర్ మరణాల్లో తేడా లేదు. అయితే వాళ్ళు తాగింది ఎక్కువగా ఆకు టీ, మాచా పొడి కాదు. పైగా టీ వల్లే అలా జరిగిందని అలాంటి పరిశీలన తేల్చి చెప్పలేదు. చెడు కొలెస్ట్రాల్ కాస్త తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో వచ్చింది, కాస్తే. బరువు మాటకొస్తే, గ్రీన్ టీ మీద 2012లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష, తగ్గేది లెక్కలోకి తీసుకోదగ్గంత కాదని తేల్చింది. పొట్ట కోసం మాచా కొనేవాళ్ళు ఆ డబ్బుతో మంచి వాకింగ్ షూస్ కొనుక్కోండి.

నన్నడిగితే దీని అసలు సుఖం కెఫీన్, థియానిన్ రెండూ కలిసి రావడంలో ఉంది. రెండు గ్రాముల పొడిలో రకాన్ని బట్టి 40 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది. హుషారు వస్తుంది కానీ కాఫీ అంత దడ ఉండదని చాలామంది అంటారు.

ఇప్పుడు మన ఇళ్ళలో ఎవరూ పట్టించుకోని విషయం. హైదరాబాద్‌లో టిఫిన్ అవగానే చాయ్ పడాల్సిందే. ఆ చాయ్ స్థానంలోకి మాచా తెచ్చారనుకోండి, అక్కడే తిరకాసు. పప్పులు, ఆకుకూరలు, రాగులు, ఇలా మొక్కల నుంచి వచ్చే ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా టీలోని కాటెకిన్లు (ఇందాకటి ఈజీసీజీ కూడా వీటిలో ఒకటే), టానిన్లు అడ్డుపడతాయి. మామూలు చాయ్ కూడా ఇదే పని చేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అమ్మా, అక్కా, ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే మాచా తాగితే అందులోని ఇనుము సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు. తిండికీ టీకీ మధ్య గంటైనా ఆగండి. అలాగని పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. పదకొండు గంటల వేళ చక్కగా సరిపోతుంది. సాయంత్రం ఆరు దాటాక వద్దు, నిద్ర పాడవుతుంది.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకండి. ఆకు మొత్తం తింటున్నాం కాబట్టి విటమిన్ కె కూడా లోపలికి పోతుంది, అది వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. గర్భిణులైతే రోజంతా తాగే కాఫీ, చాయ్‌తో కలిపి కెఫీన్ లెక్క చూసుకోవాలి. గ్రీన్ టీ సారం క్యాప్సూళ్ళ జోలికి మాత్రం పోవద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ మాత్రల రూపంలో తీసుకున్నవాళ్ళలో కాలేయం దెబ్బతింటున్న సూచనలు కనిపించాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది.

సరే, కలుపుదాం. ఇదిగో, టీ వడపోసే జాలీలోంచి ఒక చిన్న చెంచా పొడి జల్లిస్తున్నా. ఈ పని ఎగ్గొట్టారో, ఉండలు కడుతుంది. మరిగే నీళ్ళు పోయకూడదు, చేదెక్కుతుంది. 70, 80 డిగ్రీలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు, మరిగిన నీళ్ళను రెండు గ్లాసుల్లో అటూ ఇటూ రెండుసార్లు పోయండి, చాయ్ చల్లార్చినట్టే. పావు గ్లాసు నీళ్ళు పోశాక ఈ వెదురు కవ్వంతో, దీన్ని చాసెన్ అంటారు, గుండ్రంగా తిప్పకుండా ముందుకీ వెనక్కీ గబగబా కొట్టండి. చూడండి, పైన సన్నని నురుగు. కవ్వం లేకపోతే మూత గట్టిగా ఉన్న సీసాలో చల్లనీళ్ళు పోసి గిలక్కొట్టండి. ఎండాకాలంలో నేనైతే కొబ్బరినీళ్ళలో కలుపుతా, చక్కెర అడగదు.

జూబ్లీహిల్స్ కేఫుల్లో మాచా లాటే తాగొద్దనను, రుచిగానే ఉంటుంది. కాకపోతే సిరప్ వేయొద్దని చెప్పండి. లేదంటే మీరు డబ్బు కట్టేది ఎక్కువగా చక్కెరకే.

కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి. పదార్థాల్లో చక్కెర మొదట ఉంటే అది ప్రీమిక్స్. 'సెరిమోనియల్ గ్రేడ్' (టీ వేడుకలకు తగిన మేలురకం) అన్న ముద్రకు చట్టపరమైన ప్రమాణమేమీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. పొడి మెరిసే ఆకుపచ్చలో ఉండాలి. పసుపు తిరిగి, ఎండుగడ్డి వాసన వస్తుంటే పాతదో, నాసిరకమో. మొదటిసారి 30 గ్రాముల డబ్బా చాలు, పదిహేను కప్పులొస్తాయి. తెరిచాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, నెలా రెండు నెలల్లో అవగొట్టండి.

ఆ డబ్బా అయ్యేలోపు రుచి నచ్చలేదా, బలవంతంగా మింగకండి. మామూలు ఆకు గ్రీన్ టీలోనూ ఈ కాటెకిన్లే ఉంటాయి, మాచాకయ్యే దాంట్లో పావు ఖర్చు కూడా కాదు.