సెల్లార్‌లో ఏడాది నిలబడ్డ బండి, కొత్త బ్రేక్ ప్యాడ్లు

నమస్తే అండీ. అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగి, రెండు రోజులు పగలంతా పడుకుని రాత్రంతా మేలుకుని, మూడో రోజు పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్ళి బండి మీద కవర్ లాగేవాళ్ళ కోసం ఈ వీడియో. కవర్ కింద ఉన్నది మట్టి దారుల బైకే, హిమాలయన్ ఉండొచ్చు, ఎక్స్‌పల్స్ ఉండొచ్చు, కేటీఎం అడ్వెంచర్ ఉండొచ్చు. "వారానికోసారి స్టార్ట్ చేస్తనే ఉన్న సార్" అంటాడు వాచ్‌మన్. చేసే ఉంటాడు. కానీ స్టాండ్ మీద ఇంజన్ ఆడితే బ్రేకులకి ఒరిగేదేమీ లేదు. చక్రం తిరగలేదు, బ్రేక్ ప్యాడ్లని తోసే పిస్టన్ కదల్లేదు, ఒక వానాకాలం అలాగే గడిచిపోయింది.

ఇప్పుడు బండిని న్యూట్రల్‌లో పెట్టి తోయండి. మొదట కదలదు, తర్వాత టక్కుమని వదులుతుంది. బ్రేక్ ప్యాడ్ చక్రంతో తిరిగే డిస్క్‌కి అతుక్కుని ఊడిన చప్పుడు అది. డిస్క్ మీద సన్నటి ఎర్ర తుప్పు కనిపిస్తుంది, రెండుమూడు బ్రేకులు పడితే పోతుంది, దానికి కంగారు వద్దు. తోస్తూ ఉన్నా బండి బరువుగానే కదులుతోందా? అదీ పట్టించుకోవాల్సిన సంగతి. ప్యాడ్ అరగడం ఒక రోగం, ఆ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ పట్టేయడం ఇంకో రోగం. రెండో దానికి కొత్త ప్యాడ్లు మందు కావు. నాలుగు వారాల సెలవులో కొత్త ప్యాడ్లు వేయించుకుని, మూడో వారానికే మళ్ళీ ఒకవైపు అరిగిపోయాయని తల పట్టుకునేది ఈ తేడా చూడకపోవడం వల్లే.

ముందు మందం చూద్దాం. జేబులో ఇంకా డాలర్ చిల్లర ఉంటుంది కదా, ఒక క్వార్టర్ తీయండి. నాణెం అండీ, ఇక్కడి క్వార్టర్ కాదు. దాని మందం 1.75 మిల్లీమీటర్లు. వెనక ఇనుప రేకుని లెక్కలోకి తీసుకోకుండా, లైనింగ్, అంటే అరిగే పొర, దాని పక్కన నాణెం ఆనించి టార్చ్ వేసి చూడండి. లైనింగ్ అంతకన్నా పలచగా ఉంటే మార్చేయడమే. బండి పుస్తకాల్లో హద్దు సాధారణంగా 1 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. శ్రీశైలం ఘాట్ దిగే ఆలోచన ఉంటే మాత్రం 2 దగ్గరే మార్చండి. లైనింగ్ పలచబడేకొద్దీ డిస్క్ వేడి పిస్టన్‌కి, అక్కణ్ణించి బ్రేక్ ఆయిల్‌కి త్వరగా చేరుతుంది. కాలిపర్‌లో లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ చూడాలి. బయటిది కొత్తదానిలా మెరుస్తూ ఉంటే, లోపలిది రేకుకి వచ్చేసి ఉండొచ్చు.

ఇలాంటి బండ్లలో వెనక ప్యాడ్లే త్వరగా అయిపోతుంటాయి. నిజానికి ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. కానీ ముందు చక్రం చిమ్మిన మట్టీ, వెనక టైరు లేపిన మట్టీ రెండూ చేరేది వెనక కాలిపర్ దగ్గరికే. పైగా మట్టి దారిలో, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తీసేసి వెనక బ్రేకు మీదే బండి నడుపుతాం. పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచే అలవాటు ఉన్నవాళ్ళకైతే ఇక చెప్పక్కర్లేదు. హిమాలయన్ 411లో ముందు డిస్క్ 300 మిల్లీమీటర్లు, వెనకది 240. ఎక్స్‌పల్స్ 200లో 276, 220. చిన్న డిస్క్, చిన్న ప్యాడ్, ఎక్కువ మట్టి, అంతే.

ఏ ప్యాడ్ కొనాలి? స్థూలంగా రెండు జాతులు. ఆర్గానిక్ అంటే నారల్లాంటి పదార్థాలని రెజిన్‌తో అతికించి చేసింది. మెత్తగా పడుతుంది, చప్పుడు తక్కువ, డిస్క్‌ని తినదు. కానీ అనంతగిరి కొండల ఎర్రమట్టి బురదలో, అందులోనూ వానాకాలంలో, ఆ బురదే ఎమరీ పేపర్‌లా పనిచేసి దాన్ని కరిగించేస్తుంది. బాగా వేడెక్కితే రెజిన్ నుంచి వాయువు పుట్టి పట్టు తగ్గుతుంది. సింటర్డ్ అంటే లోహపు పొడిని, ఎక్కువగా రాగి కలిసినదాన్ని, ఒత్తిడిలో కాల్చి ముద్ద చేసింది. తడిలో వెంటనే పడుతుంది, బురదలో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఊరికే రాదు కదా, డిస్క్‌ని కాస్త ఎక్కువ అరగదీస్తుంది, కీచుమంటుంది, వేడిని ఆయిల్ వైపు త్వరగా పంపుతుంది. కాబట్టి సింటర్డ్ వేసి రెండేళ్ళ నాటి పాత ఆయిల్ ఉంచడం తెలివితక్కువ పని. సెమీ సింటర్డ్ అని మధ్యరకం కూడా దొరుకుతుంది.

కొన్ని ప్యాడ్ల రేకు మీద జీజీ, హెచ్‌హెచ్ అని రెండక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి రాపిడి, రెండోది వేడెక్కాక. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 నుంచి 0.65. హెచ్‌హెచ్ కనబడగానే కళ్ళు మూసుకుని ముందు చక్రానికి వేసేయకండి. కంకర మీద మొదటి స్పర్శకే గట్టిగా కరిచే ప్యాడ్ ముందు చక్రాన్ని జార్చేస్తుంది. మా సలహా ఇది: ముందు కంపెనీ ప్యాడ్లే, వెనక సింటర్డ్. ఊళ్ళోనే తిరిగి, అమీర్‌పేట సిగ్నళ్ళ దగ్గరే బ్రేకు కొట్టేవాళ్ళైతే రెండు వైపులా కంపెనీవే చాలు. ఒక కాలిపర్‌లో మాత్రం రెండు ప్యాడ్లూ ఒకే రకం, ఒకే పెట్టెలోవి ఉండాలి.

కొనడానికి షోరూమ్ ఒక దారి, పుత్లీబౌలీ స్పేర్ పార్టుల మార్కెట్ ఇంకో దారి. పాత ప్యాడ్ చేతిలో పట్టుకుని వెళ్ళండి. రేకు చెవుల ఆకారం, పిన్ను రంధ్రం ఉన్న చోటు, మొత్తం మందం ఆనించి చూడండి. "అన్నా, గిదే పడ్తది" అనే మాట కొలత కాదు. పెట్టె మీద ముద్ర కన్నా రేకు మీద చెక్కిన నంబర్ చూడండి. లైనింగ్ అంచులో పగుళ్ళు ఉంటే పక్కన పెట్టేయండి. మరీ చవక ప్యాడ్ల విషయంలో ఇంకో మాట: మన దేశంలో ఆస్బెస్టాస్ వాడకం మీద పూర్తి నిషేధం లేదు. అందుకని పాత ప్యాడ్ల పొడిని నోటితో ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు. మాస్క్ పెట్టుకుని తడిపి తుడవండి.

అటునుంచి ప్యాడ్లు సూట్‌కేసులో తెచ్చుకోవచ్చు. బ్రేక్ క్లీనర్ డబ్బా మాత్రం తేవద్దు. అది మండే స్ప్రే, చెక్‌ఇన్‌లోనూ వద్దంటారు, చేతిసంచిలోనూ వద్దంటారు. ఇక్కడే కొనుక్కోండి.

ఇక పని మొదలు. హిమాలయన్ 411కి సెంటర్ స్టాండ్ ఉంది, ఎక్స్‌పల్స్‌కి వెనక చక్రాన్ని లేపే ప్యాడక్ స్టాండ్ అరువు తెచ్చుకోవాలి. బ్రేక్ ఆయిల్ డబ్బీ మూత తీసి పై గీత దాకా ఉన్న ఆయిల్‌ని సిరంజితో కొంచెం లాగేయండి. పిస్టన్లు వెనక్కి నొక్కగానే ఆ ఆయిల్ పైకి తన్నుకొస్తుంది, ట్యాంకు మీద పడితే పెయింట్ లేస్తుంది. పడితే తుడవకుండా ముందు నీళ్ళు పోయండి.

కాలిపర్ ఫోర్క్‌కి బిగించి ఉండగానే ప్యాడ్ పిన్ను వదులు చేయండి. కాలిపర్ ఊడాక చేతిలో పట్టుకుని ఆ పిన్ను తిప్పడం నరకం, ఎలెన్ కీ జారి తల గుండ్రమైపోతుంది. కొన్నింటిలో పిన్ను చివర ఆర్ ఆకారపు చిన్న క్లిప్ ఉంటుంది, అది ఎగిరి డ్రైనేజీ జాలీలో పడక ముందే అయస్కాంతం ఉన్న గిన్నెలో వేయండి. తర్వాత కాలిపర్ బోల్టులు. ఏబీఎస్ సెన్సార్ వైరు కాలిపర్ పక్కనుంచే వెళ్తుంది, లాగొద్దు. కాలిపర్‌ని గొట్టం మీద వేలాడదీయొద్దు, తాడుతో ఫోర్క్‌కి కట్టండి. లోపలి రేకు స్ప్రింగ్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అది తిరగేసి పెడితే గతుకుల్లో గలగలమంటుంది, ప్యాడ్ వెనక్కి రాదు.

ఇప్పుడు అందరూ చేసే తప్పు: పాత ప్యాడ్లు తీసిన వెంటనే స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ని లోపలికి తోసేయడం. బయటికొచ్చిన పిస్టన్ చుట్టూ ఏడాది మట్టి గట్టిపడి ఉంది. అదంతా సీల్ మీదికి వెళ్తుంది. ముందు బ్రేక్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో పిస్టన్ చుట్టూ రుద్దండి. రెండు పిస్టన్లున్న కాలిపర్‌లో ఒకటి కదలకపోతే, కదిలేదాన్ని చెక్కముక్కతో ఆపి లీవర్ మెల్లగా రెండుసార్లు నొక్కండి. పట్టేసినది రెండుమూడు మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు, తుడిచి, వేలితో కాస్త కొత్త బ్రేక్ ఆయిల్ రాసి, లోపలికి నొక్కండి. రెండుమూడుసార్లు ఇలా చేస్తే వదులుతుంది. ఎక్కువ నొక్కితే పిస్టన్ ఊడి ఒళ్ళో పడుతుంది, అప్పుడది వేరే పని. పెట్రోల్, కిరోసిన్, డీజిల్‌తో మాత్రం కాలిపర్ కడగనివ్వకండి. మెకానిక్ చేతికి దగ్గర్లో ఉండేది అదే. ఆ సీళ్ళ రబ్బరు పెట్రోలియంకి ఉబ్బిపోతుంది, ఉబ్బిన సీల్ పిస్టన్‌ని వెనక్కి లాగదు, బ్రేకు పట్టుకునే ఉంటుంది.

ఇక స్లైడ్ పిన్నులు. ఈ వీడియోలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే. ఇలాంటి కాలిపర్ ఒకవైపే పిస్టన్లతో నొక్కుతుంది, రెండోవైపు ప్యాడ్‌ని దగ్గరికి లాగడానికి కాలిపర్ మొత్తం ఆ రెండు పిన్నుల మీద జరగాలి. పాత తరం కేటీఎం 390 అడ్వెంచర్‌లో ముందు కాలిపర్‌కి ఈ పని ఉండదు, దానికి రెండు వైపులా పిస్టన్లే. పిన్నులు ఎండిపోతే కాలిపర్ జరగదు, పిస్టన్ వైపు ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది. ఇందాక చూసిన ఎక్కువతక్కువల గుట్టు అదే. బ్రాకెట్‌ని చేత్తో లాగితే పిన్నులు బయటికి వస్తాయి. పాత గ్రీజు తారులా మారి ఉంటుంది. మొత్తం తుడిచి, తుప్పు మచ్చలుంటే జీరో పేపర్‌తో తేలిగ్గా రుద్ది, బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. చైన్‌కి, బేరింగ్‌కి వాడే గ్రీజు వద్దు. అదీ పెట్రోలియమే, పిన్ను మీది రబ్బరు తొడుగు ఉబ్బి పిన్నుని బిగబట్టేస్తుంది. గ్రీజు దట్టంగా కూరినా కష్టమే, గాలి ఇరుక్కుని కాలిపర్‌ని వెనక్కి తోస్తుంది. రాశాక ఒక వేలితో కాలిపర్ అటూ ఇటూ జరగాలి. జరగకపోతే ప్యాడ్లు పెట్టొద్దు.

డిస్క్ మీద "మిన్ టీహెచ్" అని అంకె చెక్కి ఉంటుంది, అదే కనీస మందం. వెర్నియర్‌తో కొలిస్తే అంచున అరగని గట్టు మోసం చేస్తుంది, మైక్రోమీటర్ కావాలి. ప్యాడ్ జాతి మారుస్తుంటే డిస్క్ మీద పాత ప్యాడ్ పూసిన పొరని స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. లేదంటే కొత్త ప్యాడ్ కుదుర్లేకుండా కీచుకీచుమంటుంది.

బిగింపుకి టార్క్ రెంచ్ వాడండి. అంకె మీ బండి పుస్తకంలోదే లెక్క. ఇలాంటి బండ్లలో కాలిపర్ బోల్టులు తరచూ 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, ప్యాడ్ పిన్ను 15 నుంచి 18 మధ్య ఉంటాయి. బిగించాక, చక్రం కదిలే ముందే, లీవర్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. ఇది మర్చిపోయి సెల్లార్ ర్యాంప్ ఎక్కి రోడ్డు మీదికొస్తే మొదటి బ్రేకు ఖాళీగా వెళ్తుంది.

లీవర్ గట్టిపడకుండా స్పాంజిలా ఉందా? ఎయిర్ ఉంది, లేదా ఆయిల్ ముసలిదైంది. ఈ బండ్లలో పోసే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీలుస్తుంది. ప్రమాణం ప్రకారం కొత్తదాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. రెండేళ్ళకోసారి మార్చాలి. బ్లీడ్ చేసేటప్పుడు, అంటే పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తోసేటప్పుడు, డబ్బీ ఖాళీ కానివ్వకండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే షోరూమ్ మెషిన్ లేకుండా పోదు. సీసా సీల్ కొత్తగా తీసిందే వాడండి. డాట్ 5 అనే సిలికాన్ ఆయిల్‌ని ఇందులో కలపొద్దు. డాట్ 5.1 వేరు, అది పోయొచ్చు.

ప్యాడ్లు కుదురుకోవడానికి పొద్దున్నే ఖాళీగా ఉండే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీస్ రోడ్డుకి వెళ్ళండి. మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లకి అనుమతి లేదు. 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెల్లగా, సమంగా బ్రేకు పట్టి వదలండి. 15 నుంచి 20 సార్లు, మధ్యలో కాస్త చల్లారనిస్తూ. పూర్తిగా ఆపి లీవర్ పట్టుకుని నిలబడొద్దు. మొదటి 200 కిలోమీటర్లు గట్టి బ్రేకు అవసరం పడని దారిలోనే నడపండి. తిరిగొచ్చాక డిస్క్ మీద నీళ్ళ చుక్క వేయండి. పెద్దగా బ్రేకు వాడకుండా వచ్చినా సుయ్యిమంటే కాలిపర్ ఇంకా పట్టుకునే ఉంది, స్లైడ్ పిన్నుల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళు చివర్లో మెరుపు కోసం డీజిల్ గానీ పాలిష్ గానీ కొడతారు. డిస్క్ మీద పడనివ్వకండి. చైన్ స్ప్రే కూడా చక్రం ఆకుల్లోంచి అటువైపు వెళ్తుంది, కొట్టేటప్పుడు డిస్క్‌కి అట్టముక్క అడ్డం పెట్టండి. నూనె తాగిన ప్యాడ్‌ని మంట మీద కాల్చి బాగుచేస్తామంటారు, రెండు రోజులు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ కొత్తదే.

తిరుగు ప్రయాణానికి ముందు బండిని కడిగి, ఆరబెట్టి, కవర్ వేయండి. తడి డిస్క్ మీద కవర్ కప్పితే తుప్పుకి పందిరి వేసినట్టే. ట్యాంకు మీద ఒక చీటీ అంటించి వెళ్ళండి: "నాన్నా, స్టార్ట్ చేయకపోయినా ఫర్వాలేదు. నెలకోసారి సెల్లార్‌లో పది అడుగులు ముందుకీ పది అడుగులు వెనక్కీ తోయించి, రెండు బ్రేకులూ పదేసి సార్లు నొక్కించండి."