గేమ్ మీది సరే, అందులో బొమ్మలూ చప్పుళ్లూ ఎవరివి?

(తిరుపతిలో గేమ్‌లు తయారుచేసే విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

కోడు గురించి చెప్పడానికి నేను రాలేదు, అది మీలో చాలామందికి నాకంటే బాగా వచ్చు. ఇందాక బయట బల్లల మీద పెట్టిన మీ డెమోలు కాసేపు ఆడాను. దూకడం, పరిగెత్తడం, శత్రువు వెంటపడటం అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. కానీ ఒక గేమ్‌లో హీరో పిక్సెల్ బొమ్మ, వెనక కొండ వాటర్‌కలర్, బటన్లేమో బ్యాంకు యాప్‌లోంచి ఊడబెరికి తెచ్చినట్టున్నాయి. విడిగా చూస్తే దేనికదే బంగారం, పక్కపక్కన పెట్టేసరికే పొసగడం లేదు. ఈ కొండ ఎక్కడిదని అడిగితే ‘నెట్‌లో ఫ్రీగా దొరికింది అన్నా’ అన్నాడు ఒక తమ్ముడు. సైటు పేరు అడిగాను. గుర్తులేదట.

నేను చెప్పబోయేదంతా ఈ రెండు సంగతుల చుట్టే తిరుగుతుంది. ఏ ఫైలైనా మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వచ్చే ముందు, మిగతావాటి పక్కన ఇది ఇముడుతుందా, అసలు ఇది ఎవరిది అని అడగండి. బాగుందా లేదా అన్నది ఆ తర్వాత.

బొమ్మల్లో ముందు సైజు. హీరోని 16 పిక్సెళ్ల గడిలో గీశారు, 64 పిక్సెళ్ల చెట్టు ఎక్కడినుంచో తెచ్చారు, రెండూ పక్కపక్కన సరిపోవాలని హీరోని నాలుగు రెట్లు సాగదీశారు. ఇప్పుడు హీరో ఒంటి మీద ఒక్కో చుక్క చెట్టు మీది చుక్కకి నాలుగింతలు వెడల్పు. ఆడేవాడికి కారణం తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. సాగదీయక తప్పకపోతే రెండు, మూడు అని పూర్తి రెట్లే సాగదీయండి, 1.5 రెట్లు అంటే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. ఇంజిన్‌లో, అంటే గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో, ఫిల్టర్ ‘నియరెస్ట్’ (పక్క చుక్కల రంగులు కలపకుండా సాగదీసేది) పెట్టడం మర్చిపోతే అంతా మసకే.

రంగుల విషయంలో మనకి పెద్ద బడి పక్కనే ఉంది, బస్సెక్కితే గంట. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసి, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో నల్లగీతలు వేసి, ఆ తర్వాత ఎరుపు, పసుపు, నీలి అద్దుతారు. ఆ కాసిని రంగులతోనే పురాణాలన్నీ నడిపించేస్తారు, ఏ మూల ముక్క చూపించినా ఇది కాళహస్తి పని అని చెప్పేయొచ్చు. మీరూ 16 రంగులో 32 రంగులో ఒక పాలెట్, అంటే రంగుల జాబితా, ఖాయం చేసుకుని, బయటినుంచి తెచ్చిన ప్రతి బొమ్మనీ అందులోకి మార్చండి. పిక్సెల్ బొమ్మలు గీసే అసెప్రైట్‌లో, బొమ్మని ఆ జాబితా రంగులకే కట్టేసే ఇండెక్స్‌డ్ మోడ్ ఉన్నది అందుకే. కెన్నీ అనే సైటు ఇచ్చే బొమ్మల ప్యాకులు సీసీ జీరో (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో, చేసినవాళ్లు హక్కులన్నీ వదిలేసే రకం) కాబట్టి రంగులు మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాకపోతే వాటిని ప్రపంచమంతా వాడుతోంది, ఉన్నవి ఉన్నట్టు పెడితే మొదటి తెర దగ్గరే గుర్తుపట్టేస్తారు. అన్నట్టు, కలంకారీ శైలి అందరిదీ గానీ ఫలానా బట్ట మీది బొమ్మ గీసినాయనదే, ఫొటో తీసి గేమ్‌లో అతికించేస్తే కుదరదు.

మెమరీ లెక్క ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. 2048 బై 2048 బొమ్మ డిస్కులో పీఎన్‌జీగా ఒకటి రెండు ఎంబీ ఉండొచ్చు, కానీ కంప్రెస్ చేయకుండా గ్రాఫిక్స్ మెమరీలోకి ఎక్కితే అది 16 ఎంబీ. 4096 అయితే 64. ఫైలు సైజు చూసి ధైర్యపడొద్దు.

ఇక చప్పుళ్లు. నా ఉద్దేశంలో కొత్త గేమ్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ఆడియోని చివరి వారానికి వదిలేస్తారు. అడుగుల చప్పుడే తీసుకోండి. ఒక్క ఫైలు పెట్టి ప్రతి అడుగుకీ అదే వాయిస్తే పది సెకన్లలో చెవులు నొప్పెడతాయి. నాలుగైదు రకాలు రికార్డు చేసి, వరసగా ఒకటే రెండుసార్లు రాకుండా కలిపి, ప్రతిసారీ పిచ్‌ని, అంటే శ్రుతిని, కొంచెం అటూ ఇటూ జరపండి. ఎండిన కొబ్బరి మట్ట మీద నడిస్తే అడవి, పళ్లెంలో ఇసుక పోసి చెప్పుతో నొక్కితే ఏటి ఒడ్డు, గుప్పెడు చింతపిక్కలు గుడ్డసంచిలో ఆడిస్తే నిధి మూట. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి, ఫోన్‌లో వేవ్ ఫార్మాట్‌లో (చప్పుడుని కుదించకుండా దాచేది) రికార్డు చేసే యాప్ పెట్టుకుంటే చాలు. మామూలు వాయిస్ రికార్డర్లు కొన్ని మన మాట తప్ప మిగతాదంతా గోల అనుకుని కోసేస్తాయి, మనకి కావాల్సింది ఆ గోలే మరి!

చిన్న చప్పుళ్లకి వేవ్, సంగీతానికి కుదించి దాచే ఓజీజీ. సీడీ నాణ్యత వేవ్ స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, మూడు నిమిషాల పాట 30 ఎంబీ, అదే ఓజీజీలో మూడు నాలుగు ఎంబీల్లో సర్దుకుంటుంది. ఎంపీ3 ఎందుకు వద్దంటే, దాని మొదట్లో చివర్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ పాట తడబడుతుంది. పదిమంది దగ్గర తెచ్చిన సౌండ్లు పది స్థాయిల్లో ఉంటాయి కాబట్టి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ (అన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చేది) వేయండి. ఐరోపా టీవీలకి మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (చప్పుడు ఎంత గట్టిగా ఉందో కొలిచే యూనిట్) అని ప్రమాణం ఉంది, మనకి ఆ అంకే రావాలని లేదు, మీ పాటలన్నీ ఒకే అంకెకి వస్తే చాలు.

వానాకాలంలో కపిలతీర్థం జలపాతం చప్పుడు రికార్డు చేద్దామని మీలో ఎవరికో ఒకరికి తప్పకుండా అనిపిస్తుంది. చేయండి, కానీ వెనకాల మైకులో పాట వస్తుంటే ఆ టేక్ వదిలేయండి. అది నీళ్ల చప్పుడొక్కటే కాదిప్పుడు, ఎవరో పాడిన రికార్డు కూడా. ఆ పాట అన్నమయ్య కీర్తనైతే, ఆయనది 15వ శతాబ్దం కదా, ఇంకా హక్కులేంటి అంటారు. సాహిత్యం వరకు నిజమే, అది అందరిదీ. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు, ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. అలా ఎన్నో కీర్తనలకి బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు. మన చట్టంలో రచయితకైనా స్వరకర్తకైనా హక్కు చనిపోయాక 60 ఏళ్లు, అంటే ఆయన బాణీల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. పాడిన రికార్డింగ్‌కి విడిగా ఇంకో 60 ఏళ్లు. కాబట్టి సంగీతం నేర్చుకునే పిల్లల్ని పట్టుకుని, కొత్త బాణీ కట్టించి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మన ఊళ్లో సంగీత కళాశాలే ఉంది, పాడేవాళ్లకి కరువా?

ఫ్రీసౌండ్, ఓపెన్‌గేమ్‌ఆర్ట్, ఇచ్ లాంటి, బొమ్మలూ సౌండ్లూ దొరికే సైట్లలో చాలావరకు ఫైలు పక్కనే లైసెన్స్ రాసి ఉంటుంది. సీసీ జీరో అయితే నిశ్చింత. సీసీ బై అయితే చేసినవాళ్ల పేరు, లింకు, లైసెన్స్, మీరు ఏం మార్చారో క్రెడిట్స్‌లో వేయాలి. ఎన్‌సీ (వ్యాపారానికి వాడొద్దు) అని ఉంటే, యాడ్స్ పెట్టే గేమ్‌కి కూడా దాని జోలికి వెళ్లొద్దు. ఎస్ఏ అంటే మీరు మార్చిన బొమ్మని కూడా అదే షరతుతో వదలాలి. రాయల్టీ ఫ్రీ అన్నది ఉచితం అని కాదు, ఒకసారి కొంటే మళ్లీ మళ్లీ కట్టక్కర్లేదని. ఏఐతో చేయించిన బొమ్మలుంటే, గేమ్‌లు అమ్మే సైటు స్టీమ్ 2024 జనవరి నుంచి ఆ సంగతి ముందే చెప్పమంటోంది. నన్నడిగితే చెప్పడం కన్నా ముందు, ఆ బొమ్మలు మిగతావాటి పక్కన ఇముడుతున్నాయా చూసుకోండి, నేను చూసినవాటిలో చాలావరకు ఇమడలేదు.

ఒక షీటు తెరవండి. ఫైలు పేరు, ఎక్కడిది, ఎవరిది, లైసెన్స్, ఏ రోజు దించుకున్నారు, ఏం మార్చారు. ఉదాహరణకి ‘అడుగు_గడ్డి_03, ఫ్రీసౌండ్, ఫలానా యూజర్, సీసీ బై 4.0, తేదీ, మొదటి అర సెకను కోశాం’. ఫైలు దించుకున్నప్పుడే ఆ లైను రాసేయాలి, సాయంత్రం రాద్దాం అనుకుంటే ఆ సాయంత్రం రాదు. లైసెన్స్ పేజీని పీడీఎఫ్ చేసి పక్కనే పడేయండి. తెలిసిన ఒక టీమ్ గేమ్ విడుదలకి ముందు రోజు ఒక్క తలుపు చప్పుడు ఎక్కడిదో వెతుక్కుంటూ తెల్లారేదాకా కూర్చుంది, ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

ఫైళ్లలో మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ వాడేవాళ్లు బొమ్మలకీ ఆడియోకీ ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లని విడిగా దాచేది) పెట్టుకోండి, ఆ ప్రాజెక్టుల్ని ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలుని మామూలుగా తీసుకోదు. యూనిటీ ఇంజిన్‌లో మెటా ఫైళ్లు, గోడో ఇంజిన్‌లో ఇంపోర్ట్ ఫైళ్లు కమిట్ చేయాల్సిందే, అంటే గిట్‌లో చేర్చాల్సిందే, లేకపోతే మీరు పెట్టిన సెట్టింగులు పక్కవాడి కంప్యూటర్‌లో ఉండవు.

తెలుగు అక్షరాలు కూడా, బొమ్మలూ చప్పుళ్లలాగే, గేమ్‌లో వాడే అసెట్లే అని ఎవరూ అనుకోరు. డీటీపీ సెంటర్లో కనిపించే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల ప్రమాణం) కావు, పైగా ఉచితమూ కావు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో ఉన్నాయి, గేమ్‌తో కలిపి అమ్ముకోవచ్చు. ఇంజిన్ ఖాయం చేసే ముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘శ్రీకాళహస్తి’ టైపు చేసి చూడండి. గోడో 4 ఒత్తులన్నీ సరిగ్గా చూపిస్తుంది, యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోలో అవి విడిపోతాయి, అక్కడ వేరే దారి వెతుక్కోవాలి.

చివరగా, మనిషిని పెట్టి చేయించుకునేవాళ్లకి. డబ్బిచ్చాం కాబట్టి అన్నీ మనవే అనుకోవద్దు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు. గేమ్ స్టీమ్‌లో పెడితే జపాన్‌లో కూడా కొంటారు కదప్పా. ఫ్రెండే కదా, కాగితం అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటం ఉంటే, అతనికి ఎంత ఇస్తారో, ఎప్పుడిస్తారో, క్రెడిట్స్‌లో పేరు ఎలా పడాలో ముందు రాసి, హక్కుల మాట ఆ తర్వాత రాయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఆ కొండ బొమ్మ తమ్ముడి నుంచే మొదలుపెడదాం.