ఇంటి రిపేరుకి ఏ లోన్ తీసుకోవాలి? అయిదు దారులు, నా లెక్క

నమస్తే అండీ. ముందు ఈ ఫోటో చూడండి. తెనాలిలో మా నాన్నగారి ఇల్లు, ముందు గది సీలింగ్. పెచ్చు ఊడిపోయి లోపలి ఇనుప చువ్వ బయటపడింది. తుప్పుపట్టి ఎలా ఉబ్బిందో చూశారా? మేస్త్రి నిచ్చెనెక్కి సుత్తితో శ్లాబు మీద మెల్లగా కొట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల గట్టి శబ్దం, కొన్నిచోట్ల ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్ల శబ్దం. డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. దిగేసరికి సీలింగ్ నిండా సున్నాలే. "మూడు లక్షల్లో అయిపోద్ది సార్" అన్నాడు. మేస్త్రి మూడంటే మనం నాలుగు అనుకోవాలి. బాత్రూం పైపులు కూడా మార్చేద్దామంటే అయిదు.

ఆ అయిదు లక్షల కోసం నెల రోజులు తిరిగాను. నేను చూసిన లోన్లు ఒక్కొక్కటీ చెప్తాను. ఎవరూ నాకు డబ్బులిచ్చి చేయిస్తున్న వీడియో కాదిది.

మొదటి సలహా మా బాబాయ్‌ది. "బ్యాంకులు తిప్పుతాయిరా, తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి తెద్దాం, రెండు రూపాయలే కదా" అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. వడ్డీని రూపాయల్లో పలుకుతాం కాబట్టి అది చిన్నగా వినిపిస్తుంది, అంతే. బాబాయ్‌కి ఈ లెక్క చెప్తే కాసేపు మాట్లాడలేదు.

తర్వాత హోమ్ ఇంప్రూవ్‌మెంట్ లోన్. పేరు వినగానే మనకోసమే పుట్టిందనిపిస్తుంది. మరమ్మతు చేయించే ఇంటినే తనఖా పెట్టుకుని ఇస్తారు, అందుకే వడ్డీ హోమ్ లోన్‌కి దగ్గరగా ఉంటుంది. కావాల్సినవి: దస్తావేజులు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద తనఖాలు, అమ్మకాలు ఏమున్నాయో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్, ఇంజినీర్ సంతకం పెట్టిన ఎస్టిమేట్. మా ఇంటికి కింది అంతస్తుకే ప్లాన్ ఉంది. పైన గది తర్వాత వేసుకున్నాం, దానికి కాగితమే లేదు. మన ఊళ్లలో సగం ఇళ్ల కథ ఇదే కదా! లీగల్ ఒపీనియన్‌లో, అంటే లాయర్ కాగితాలు చూసే దగ్గర, ఫైల్ ఆగిపోయింది. లాయర్ ఫీజు, వాల్యుయేషన్ ఫీజు మాత్రం వెనక్కి రాలేదు. మీ ఇంట్లో ప్లాన్‌లో లేని గది ఉంటే ఫీజు కట్టకముందే ఆ సంగతి బ్యాంకులో చెప్పండి.

ఇంకో చిక్కుంది. ఈ లోన్ డబ్బు చాలాచోట్ల ఒకేసారి చేతికి రాదు. పని కొంత అయ్యాక చూసి, బిల్లులు చూసి విడతలుగా వదులుతారు. మన మేస్త్రికేమో శనివారం సాయంత్రానికి కూలీల బట్వాడా పడిపోవాలి. బ్యాంకు విడత వచ్చేదాకా ఆగమంటే సోమవారం వేరే సైట్‌లో ఉంటాడు. కాబట్టి ఈ లోన్ తీసుకున్నా చేతిలో రెండు మూడు వారాల కూలీ డబ్బు విడిగా ఉండాల్సిందే.

పర్సనల్ లోన్ సంగతికొస్తే, తనఖా లేదు, తిరుగుడు లేదు, ఫోన్‌లోనే అయిపోతుంది. నాకు 14 శాతం చెప్పారు. ఒక ఏజెంట్ ఫోన్ చేసి "సార్, మా దగ్గర 10 శాతమే" అన్నాడు. ఫ్లాటా, తగ్గే అసలు మీదా అని అడిగితే, "ఫ్లాట్ సార్" అన్నాడు గొంతు తగ్గించి. ఫ్లాట్ అంటే మీరు సగం అసలు తీర్చేసినా, మొదటి రోజు తీసుకున్న అయిదు లక్షల మీదే వడ్డీ నడుస్తుంది. అయిదేళ్లకు వడ్డీ రెండున్నర లక్షలు. మామూలు పద్ధతిలోకి మారిస్తే అది 17 శాతం దాటుతుంది. 10 శాతం అని చెప్పిన లోన్ 14 శాతం లోన్ కంటే ఖరీదన్నమాట.

నేను చివరికి తీసుకున్నది టాప్-అప్. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ మీద హోమ్ లోన్ నడుస్తోంది. ఈఎంఐలు సరిగ్గా కట్టినవాళ్లకి అదే బ్యాంకు దాని మీద ఇంకొంత ఇస్తుంది. కాగితాలు వాళ్ల దగ్గరే ఉంటాయి కాబట్టి పని తేలిక. 9 శాతం చెప్పారు. ఇక్కడే నేను బోల్తా పడబోయాను, కాస్త జాగ్రత్తగా వినండి.

బ్రాంచ్‌లో అమ్మాయి "సార్, మీ హోమ్ లోన్‌కి ఇంకా 15 ఏళ్లుంది, దీన్నీ దాంతో కలిపేద్దాం, ఈఎంఐ 5,071 రూపాయలే" అంది. పర్సనల్ లోన్ ఈఎంఐ 11,634. సగం కూడా లేదు! సంతకం పెట్టేసేవాణ్ణే. బయటికొచ్చి టీ తాగుతూ ఫోన్‌లో లెక్కేశాను. 9 శాతానికి 15 ఏళ్లయితే వడ్డీ 4 లక్షల 12 వేల పైచిలుకు. 14 శాతం పర్సనల్ లోన్ అయిదేళ్లయితే వడ్డీ 1 లక్షా 98 వేలు. చవక లోన్‌కి రెట్టింపు వడ్డీ! అదే 9 శాతం టాప్-అప్ అయిదేళ్లకి పెట్టిస్తే ఈఎంఐ 10,379, మొత్తం వడ్డీ 1 లక్షా 23 వేల లోపే. లోపలికెళ్లి "అయిదేళ్లకి పెట్టండమ్మా" అన్నాను. పెట్టారు. అడగకపోతే మాత్రం ఎవరూ పెట్టరు.

నెలకు పదివేలు బరువనిపిస్తే ఎక్కువ ఏళ్లు పెట్టించుకుని, డబ్బు చేతికొచ్చినప్పుడల్లా అసలుకి కట్టేయండి. వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (మధ్యలో వడ్డీ మారే) లోన్‌ని ముందే తీర్చేస్తే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువి (వడ్డీ మారనివి), వాటికి ముందే తీర్చినందుకు ఫోర్‌క్లోజర్ చార్జీ ఉండొచ్చు. నిజాయితీగా చెప్పాలంటే, చేతికొచ్చిన డబ్బు అసలుకి కట్టే రకాన్ని కాదు నేను. అందుకే అయిదేళ్లు.

ఇక కాగితాలు. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాల కాగితం, బ్యాంకు ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఉంటుంది, అంటే వడ్డీతోపాటు ఫీజులు కూడా కలిపిన రేటు. నాది చూస్తే 9 కంటే బాగా ఎక్కువుంది. ఎందుకా అని కిందికి వెళ్తే ఇన్సూరెన్స్ ప్రీమియం 14,200. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు, లోన్‌లో కలిపేశారు. అంటే ఆ ప్రీమియానికి అయిదేళ్లు వడ్డీ కూడా నేనే కట్టాలి. "తప్పనిసరి సార్" అన్నారు. "తప్పనిసరని రాసివ్వండి" అన్నాను. పది నిమిషాల్లో ఆ లైన్ పోయింది. మీరిప్పటికే సంతకం పెట్టేసినా, పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని వెనక్కి ఇవ్వొచ్చు.

ట్యాక్స్ గురించి కామెంట్లలో అడుగుతారని తెలుసు. సొంతంగా ఉండే ఇంటి మరమ్మతు లోన్ వడ్డీకి పాత ట్యాక్స్ విధానంలో ఏడాదికి 30,000 దాకా మినహాయింపు ఉంది, అదీ మొత్తం రెండు లక్షల పరిమితి లోపలే. హోమ్ లోన్ వడ్డీతోనే రెండు లక్షలు నిండిపోతే ఇక మిగిలేదేమీ లేదు. కొత్త విధానంలో అదీ లేదు. నా కేసులో ఇల్లు నాన్నగారి పేరున, లోన్ నా పేరున. నాకు సున్నా.

బంగారం లోన్ కూడా ఉంది. బోనస్ మూడు నెలల్లో వస్తుంది, ఈలోగా అరవై వేలు తక్కువపడింది అనే పరిస్థితికి అది బాగా పనికొస్తుంది. వడ్డీ మాత్రం కట్టి ఏడాదికోసారి తిరగరాయించుకుంటూ పోయేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. నగ బ్యాంకులోనే ముసలిదైపోతోంది. మా అమ్మ గాజులు తీసిస్తానంది. వద్దన్నాను.

హోమ్ లోన్ నడుస్తున్నవాళ్లకి నా ఓటు టాప్-అప్‌కే, అయిదేళ్లకి మించకుండా. హోమ్ లోన్ లేదు, కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, అయిదారు లక్షలకు పైనే పని ఉంది అంటే హోమ్ ఇంప్రూవ్‌మెంట్ లోన్‌కి తిరిగినా ఫలితం ఉంటుంది. లక్షా రెండు లక్షల పనికి లాయర్ ఫీజులు, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చులు పెట్టుకోవడం దండగ. రెండేళ్లలో తీరిపోయే పర్సనల్ లోన్ చాలు.

మొత్తం ఖర్చు చివరికి 5 లక్షల 40 వేలు తేలింది. పై నలభై వేలు జీతంలోంచే సర్దాను. ప్రహరీ గోడ కూడా కట్టించేద్దామని మేస్త్రి ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. సంక్రాంతి తర్వాత చూద్దామన్నాను.