కలివి కోడికి రెండో చోటు ఎక్కడ?

అందరికీ నమస్కారం. తెల్లారకముందే కంబాలకొండకు పిట్టల్ని చూడ్డానికి పోయేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. మీ ముందు కలివి కోడి అనే అరుదైన పిట్ట గురించి మాట్లాడాలంటే కాస్త టెన్షనే. అందుకే దాని పక్కన ఒక ఆస్ట్రేలియా జంతువును పెట్టి చెబుతాను.

ఇక్కడ విశాఖలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కడపలో దిగొచ్చు. కలివి కోడి ఉండేది ఆ చుట్టుపక్కల ముళ్లపొదల్లోనే. 1848లో జెర్డాన్ అనే డాక్టరు దీన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత జాడ లేదు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నప్పుడు, ఐతన్న అనే స్థానికుడు రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చిలైటు వేసి పట్టేశాడు.

గిల్బర్ట్ పొటోరూదీ ఇలాంటి కథే. కంగారూకి చుట్టం, కిలో బరువుంటుంది, పిల్లను పొట్టసంచిలో మోస్తుంది, మట్టిలోపల పెరిగే పుట్టగొడుగుల్ని తవ్వుకు తింటుంది. వందేళ్లకు పైగా కనబడక అంతరించిందనుకున్నారు. 1994లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని టూ పీపుల్స్ బేలో, వేరే జంతువు కోసం పెట్టిన బోన్లలో పడింది. తమాషా ఏమిటంటే, ఆ అడవిని కాపాడింది దీనికోసం కాదు, 1961లో అక్కడే మళ్లీ దొరికిన ఒక పిట్ట కోసం!

పొటోరూ బోనులో పడుతుంది కాబట్టి 2005లో కొన్నింటిని నక్కలూ పిల్లులూ లేని బాల్డ్ ఐలాండ్‌కు తరలించారు. 2015లో కార్చిచ్చు రేగి టూ పీపుల్స్ బేలో వాటి చోటు చాలావరకు కాలిపోయింది. దీవిలోవి బతికాయి.

మన పిట్టకు అలాంటి దీవి లేదు. రాత్రే తిరుగుతుంది. మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు వెతకాలి, రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం చెవులు రిక్కించాలి. పైగా దానికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. మేకలు కొంచెం మేసి, జనం కొంచెం కట్టెలు కొట్టుకుంటేనే పొదలు దానికి నచ్చినంత పల్చగా ఉంటాయి. ఎక్కువైతే పొదలే ఉండవు, మొత్తం ఆపేస్తే గుబురైపోతాయి. కంచె వేసి తాళం పెడితే తీరే సమస్య కాదు. ఈ పిట్ట ఉండే చోటు మీదుగా వెళ్లాల్సిన తెలుగుగంగ కాలువ దారి మార్చడం మంచిదే, కానీ అది ఉన్న ఒక్క చోటును నిలబెట్టుకోవడమే.

రెండో చోటు కావాలంటే రాయలసీమ, నెల్లూరు ముళ్లపొదలన్నీ గాలించాలి. ఆ నేల బాగా తెలిసినవాళ్లు గొర్రెల కాపరులు. సర్వేల్లో వాళ్లను దారి చూపే కూలీలుగా కాకుండా, నెల జీతం మీద ఉద్యోగులుగా పెట్టుకోవాలని అటవీశాఖను నేను అడుగుతున్నాను.